ఏడో తరగతి పిల్లాడు, చదవడం రాయడం కష్టం. టీసీ తీసుకోమంటున్నారు, ఏం చేయాలి?

కొర్లగుంట_వాణి
మావాడు ఏడో తరగతి. తిరుపతిలోనే ఒక ప్రైవేటు స్కూలు, స్టేట్ సిలబస్, ఇంగ్లిష్ మీడియం. స్కూలు పేరు చెప్పను. నోటితో అడిగితే సైన్సు, సోషల్ గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. పేపరు ముందు పెడితే చెయ్యి కదలదు. మొన్నటి తెలుగు పేపరు ఇప్పుడు నా చేతిలోనే ఉంది. ‘రాష్ట్రం’ అని ఉండాల్సిన చోట ‘రసటం’ అని ఉంది. ఒత్తులు ఎక్కడా లేవు, దీర్ఘాలు సగం ఎగిరిపోయాయి, కొన్నిచోట్ల ప్రశ్న నంబరు వేసి కింద ఖాళీ వదిలేశాడు. పైన ఎర్ర ఇంకుతో ‘కేర్‌లెస్’ అని రాసిచ్చారు. ఇంగ్లిష్ పేపరూ అంతే, హిందీ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఐదో తరగతి దాకా ఒకే మేడమ్ దగ్గరుండి చూసుకునేది కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాం. ఆరులోకి వచ్చాక సబ్జెక్టుకో టీచరు, ఎవర్ని అడిగినా ‘మిగతా సబ్జెక్టుల్లో ఎలా ఉన్నాడో నాకు తెలీదండీ’ అంటారు. ఇప్పుడు ప్రిన్సిపాల్ పిలిపించి, మీవాడి పక్కన కూర్చోవడానికి మీ ఖర్చుతో ఒక టీచర్ని పెట్టుకోండి, లేదంటే ఈ ఏడాదితో టీసీ తీసుకుని ఏదైనా స్పెషల్ స్కూల్లో చేర్చండి అన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. మా అత్తగారేమో ‘వాళ్ల నాయన కూడా చిన్నప్పుడు ఇంతే, పెద్దయితే సర్దుకుంటాడులే’ అంటుంది. నిజంగా సర్దుకుంటాడా? ఎవరిని కలవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

బైపాస్_బాబు
స్కూలు మార్చేయండి అక్కా. ఫీజు కట్టించుకునేటప్పుడు లేని ఇబ్బంది ఇప్పుడెందుకొచ్చింది వాళ్లకి.

నీవా_ఒడ్డు
మార్చితే ఏమొస్తాది బాబూ? కొత్త స్కూల్లోనూ రెండు నెలలకి అదే మాట అంటారు. ముందు పిల్లాడి ఇబ్బంది ఏందో తెలియాల కదా.

రేణిగుంట_రైలు
మీ అబ్బాయి పేపరు గురించి చదువుతుంటే నా పాత పేపర్లు చూసినట్టే ఉంది. నాకూ ఇదే. అప్పట్లో దీనికి ఒక పేరుందని మా ఊళ్లో ఎవరికీ తెలీదు. ఎనిమిదో తరగతిలో తెలుగు సారు పాఠం నిలబడి చదవమంటే, పక్కనోడి దగ్గర ముందే విని కంఠతా పట్టి చదివినట్టు నటించేవాడిని. ఆ పీరియడు వస్తుందంటే కడుపులో నొప్పి, నిజంగానే వచ్చేది. ఇప్పుడు ఎలక్ట్రికల్ పని చేస్తా, ఏ వైరు ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్తా, బిల్లు మాత్రం ఇప్పటికీ మా ఆవిడే రాస్తుంది. పెద్దయితే సర్దుకోదమ్మా. దాన్ని దాటే దారులు నేర్చుకుంటాం, అంతే. ఎవరైనా నేర్పితే తొందరగా నేర్చుకుంటాం, లేకపోతే దాచుకోవడం నేర్చుకుంటాం.

బైపాస్_బాబు
రైలన్నా, మా ఇంట్లో ఇన్వర్టర్ పని చేయట్లేదు, ఒకసారి వచ్చి పో. బిల్లు నేనే రాసిస్తా.

రేణిగుంట_రైలు
వస్తాలే, ఇన్‌బాక్స్‌లో అడ్రసు పెట్టు.

వకీలు_చంద్రగిరి
టీసీ మాట ముందు తేల్చుకుందాం. విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 16 ఉంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడిలో చేరిన పిల్లాడిని పంపించేయడానికి వీల్లేదు. 2019 సవరణ తర్వాత ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిల్ చేసే వీలు రాష్ట్రాలకు వచ్చింది గానీ, పంపించేయకూడదన్న నియమం అలాగే ఉంది. మీవాడు ఏడు. కాబట్టి ‘టీసీ తీసుకోండి’ అన్నది వాళ్ల సలహా మాత్రమే, మీరు ఒప్పుకుంటేనే అది జరుగుతుంది. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

రెండోది దివ్యాంగుల హక్కుల చట్టం 2016. పాత 1995 చట్టంలో వైకల్యాలు ఏడే, ఇప్పుడు 21. డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టం కావడం) లాంటి అభ్యసన ఇబ్బందులు, ఆటిజం అందులో ఉన్నాయి. ఈ చట్టంలోనూ సెక్షన్ 16 చూడండి, నంబరు ఒకటే కావడం మీకు గుర్తుపెట్టుకోవడానికి సులువు. ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ పిల్లాడి అవసరాన్ని బట్టి సదుపాయం కల్పించాలి, ఇలాంటి ఇబ్బందుల్ని వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన పద్ధతులు వాడాలి అని ఉంది. ఆ బాధ్యత బడిదైనప్పుడు పక్కన టీచర్ని మీ ఖర్చుతో పెట్టుకోమనడం ఎక్కడి న్యాయం? అడగండి. నోటితో కాదు, రాతలో.

తిరుచానూరు_లక్ష్మి
చట్టం సరే సార్. రేపు ఆ స్కూల్లో రోజూ కూర్చోవాల్సింది పిల్లాడు. లెటర్లు ఇచ్చి గొడవ పెట్టుకుంటే వాళ్లు పిల్లాడి మీద కోపం చూపించరా? ఇంకోటి, ఎవరో ఒకరు ఇప్పుడు సర్టిఫికెట్ తీసుకోమంటారు. మా అక్క కొడుక్కి తీసుకున్నారు, చుట్టాలందరికీ తెలిసిపోయింది, వికలాంగుల సర్టిఫికెట్ అట అని. ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది. నేనైతే మంచి ట్యూషన్ పెట్టిస్తా, గొడవ లేకుండా పోతుంది.

రేణిగుంట_రైలు
నాకు సర్టిఫికెట్ లేదు లక్ష్మిగారూ. అయినా ముద్ర పడింది. బళ్లో నా పేరే ‘మొద్దు’. వాణిగారి అబ్బాయికి పేపరు మీదే రాసిచ్చారు కదా.

నీవా_ఒడ్డు
లక్ష్మమ్మ భయం నాకు అర్థమవుతాది, మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది. మాది చిత్తూరు. మా పాప ఎనిమిదో తరగతి, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో ఇబ్బంది వల్ల కాళ్లూ చేతులూ సరిగా కదలవు. తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో కాలికి ఆపరేషన్ అయ్యాక వాకర్‌తో నడుస్తాది. వేలూరు సీఎంసీ దగ్గరే కాబట్టి చిన్నప్పుడంతా అక్కడ చూపించినాం. తెలివికి ఏం తక్కువ లేదు, లెక్కల్లో క్లాసులో ముందుంటాది. మా నాయన సర్టిఫికెట్ వద్దే వద్దన్నాడు. తీసుకున్నాక ఏమైంది? బీరువాలో ఉండాది. పరీక్షకి గంటకు 20 నిమిషాల చొప్పున ఎక్కువ టైము అడగడానికి, ఆడపిల్లలకిచ్చే స్టైపెండుకి బయటికి తీస్తాం, మళ్లా లోపల పెడతాం. స్టైపెండు నెలకు 200, పది నెలలు, సమగ్ర శిక్ష అని బడులకిచ్చే ప్రభుత్వ పథకంలో వస్తాది. అదేం పెద్ద మొత్తం కాదు గానీ అమ్మాయి పేరు మీద పడతాది, దాంతో అది నోటు పుస్తకాలు కొనుక్కుంటాది.

మా బాధ వేరే. ర్యాంపు కట్టినారు, బాగుంది. కానీ ర్యాంపు ఎక్కినాక క్లాసు గుమ్మానికి గడప ఉండాది. వాకర్ ముందు కాళ్లు ఆ గడపకి తగులుతాయి. రోజుకి ఎన్ని పీరియడ్లు బయట ఉంటే అన్నిసార్లు ఎవరో ఒకరు ఎత్తిపెట్టాల. ఆ గడప తీసేదానికి ఒక మేస్త్రీ ఒక పూట పని. అడిగితే ఎస్టిమేటు పైకి పోవాలంటారు. చివరికి పిల్లలే చిన్న చెక్కముక్క తెచ్చి ఏటవాలుగా వేసినారు.

ప్రైవేట్_టీచరమ్మ
నేను ఇలాంటి స్కూల్లోనే ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ చెప్తాను. వాణిగారి ప్రిన్సిపాల్ మాట్లాడింది తప్పు, నేను సమర్థించను. కానీ మా వైపు కూడా చెప్పాలి. క్లాసులో నలభై మంది పైన, పోర్షన్ పూర్తి కాకపోతే మాకు పడుతుంది, ‘ఈ పిల్లాడి కోసం ఏం చేయాలి’ అని మాకు ఒక్క పూట కూడా ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. బీఈడీలో ఒక పేపరు ఉండింది, పాసయ్యాం. సీబీఎస్ఈ స్కూళ్లలో స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పడానికి శిక్షణ పొందిన టీచరు, ఉండాలని బోర్డు నియమం, మా స్టేట్ సిలబస్ స్కూళ్లలో అలాంటివాళ్లని నేనైతే చూడలేదు.

అయినా డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగినవి ఉన్నాయి, నేను చేస్తున్నాను కాబట్టి చెప్తున్నా. అందరి ముందూ లేచి చదవమని ఆ పిల్లాడిని అడగను. బోర్డు మీది నోట్సు మొత్తం ఎక్కించమనను, బాగా రాసే పిల్లాడి నోట్సు జిరాక్స్ ఇప్పిస్తాను. స్లిప్ టెస్టు అయ్యాక స్టాఫ్ రూం బయట నిలబెట్టి అవే ప్రశ్నలు నోటితో అడుగుతాను, ఐదు నిమిషాలు కూడా పట్టదు. స్పెల్లింగు తప్పుకి ఇంగ్లిష్ పేపర్లో మార్కు తీయొచ్చు, సైన్సు పేపర్లో ఎందుకు తీయాలి?

పుత్తూరు_పంతులు
టీచరమ్మ చెప్పిన ఆఖరి మాట ప్రతి స్టాఫ్ రూంలో గోడకి అంటించాలి.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. వాణిగారూ, ఆరో తరగతిలోనే ఎందుకు పడిపోయాడో మీరే రాశారు, కానీ దాన్ని ఇంకొంచెం విడమర్చి చెప్తా. ఆరో తరగతి ఈ పిల్లలకి మోకాళ్ల పర్వతం. కిందటి ఏడాది దాకా ఒకే టీచరు, పిల్లాడి పేరు, అలవాటు, ఎక్కడ ఆగుతాడో అన్నీ ఆమెకి తెలుసు. ఆరులో సబ్జెక్టుకొకరు, పీరియడు 45 నిమిషాలు, ఏ ఒక్కరికీ పిల్లాడు మొత్తంగా కనపడడు. లెక్కల సారు దృష్టిలో తెలివైనోడు, తెలుగు సారు దృష్టిలో సోమరి. దానికి తోడు మా ప్రభుత్వ బళ్లలో హిందీ మొదలయ్యేది ఆరులోనే. తెలుగు అక్షరాలకే కిందామీదా పడుతున్న పిల్లాడికి, ఇంగ్లిష్ తర్వాత మూడో లిపి వచ్చి పడుతుంది. సరిగ్గా అదే సమయంలో పుస్తకాలు కూడా లావవుతాయి. అంటే సాయం ఎక్కువ కావాల్సిన ఏడాదే సాయం చేసే మనిషి ఉండదు. నా మటుకు అసలు సమస్య ఇదే. ఒకటి నుంచి ఐదు దాకా చేసే ప్రయత్నంలో సగం ఆరు, ఏడు, ఎనిమిదిలో చేసినా ఇంతమంది తొమ్మిదిలో మానేయరు.

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పెషల్ టీచర్ల నిష్పత్తి చెప్పింది. ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒకరు, ఆరో తరగతి నుంచి పైన పదిహేను మందికి ఒకరు. 2025 మార్చిలో మళ్లీ రాష్ట్రాలన్నింటినీ పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయమంది. మన రాష్ట్రంలోనూ ఆ తర్వాత రెండు వేలకు పైగా పోస్టులు సృష్టించారు. నా కళ్లతో చూస్తున్నదైతే ఇంకా మండలం మొత్తం తిరిగే కాంట్రాక్టు టీచర్లే. మా బడికి వచ్చిన రోజు పండగలా ఉంటుంది పిల్లలకి, ఆమె మళ్లీ వచ్చేది ఎప్పుడో.

భవిత_అక్క
పంతులుగారు చెప్పిన ఆ తిరిగే టీచర్లలో నేనొకదాన్ని. సమగ్ర శిక్ష కింద ఐఈఆర్పీగా (ప్రత్యేక అవసరాల పిల్లలకి చెప్పే రిసోర్స్ టీచరుగా) చిత్తూరు వైపు ఒక భవిత కేంద్రంలో, అంటే ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సెంటర్లో, పని చేస్తున్నా. వారంలో కొన్ని రోజులు సెంటర్, ఫిజియోథెరపీ డాక్టరు వచ్చే రోజు ఒకటి, మిగతా రోజులు బళ్లు, ఇంకా మంచం మీదున్న పిల్లల ఇళ్లకి వెళ్లి చెప్పాలి. నిజం చెప్పాలంటే మా టైమంతా కదల్లేని పిల్లలకి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకి సరిపోతుంది. వాణిగారి అబ్బాయిలాంటి పిల్లలు పైకి ఏమీ కనపడరు కాబట్టి మా లిస్టులోకే రారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ పిల్లలే.

వాణిగారూ, వరసగా చెప్తా. ముందు కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించండి, చాలామంది ఇది వదిలేస్తారు. తర్వాత తెలుగులో ఎలా చదువుతున్నాడో విడిగా చూడాలి. ఇంగ్లిషులో మాత్రమే తడబడితే అది మీడియం వల్ల కూడా కావచ్చు, ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లలకి అది మామూలే. ఇంట్లో రోజూ మాట్లాడే తెలుగులోనూ ఒత్తులు, దీర్ఘాలు పోతున్నాయంటే, వినడం చెప్పడం బాగుండి చదవడం రాయడమే కష్టంగా ఉందంటే, అప్పుడు అభ్యసన ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష క్లినికల్ సైకాలజిస్టు చేస్తారు. ఐక్యూ చూస్తారు, బెంగళూరు నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థ వాళ్లు తయారు చేసిన పరీక్షలతో చదవడం, రాయడం, లెక్కలు చూస్తారు. ఒక్క సిట్టింగులో అయిపోతుందనుకోకండి.

సర్టిఫికెట్ కావాలంటే సచివాలయంలోనో మీసేవలోనో సదరం (వైకల్యం పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ శిబిరం) స్లాటు బుక్ చేసుకోవాలి. ఈ ఇబ్బందికి ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, 14 ఏళ్లకి, 18 ఏళ్లకి మళ్లీ చూపించాలి. లక్ష్మిగారూ, జీవితాంతం ముద్ర అన్నారు కదా, పద్దెనిమిది దాకా అది తిరిగి పరీక్షించే కాగితమే.

వకీలు_చంద్రగిరి
దీనికి ఒక మాట చేర్చాలి. సర్టిఫికెట్ వచ్చేదాకా బడి ఏమీ చేయక్కర్లేదని వాళ్లు అంటారు. అది కుదరదు. దివ్యాంగుల చట్టం సెక్షన్ 16లో 40 శాతం వైకల్యం ఉండాలనే షరతు లేదు. 40 శాతం లెక్క రిజర్వేషన్లు, 18 ఏళ్ల దాకా ఉచిత విద్య లాంటివాటికి. ఇక పరీక్షలో ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు, ఇవి అదే చట్టం సెక్షన్ 17లో పేరుపెట్టి రాసి ఉన్నాయి. పంతులుగారు చెప్పిన హిందీ బాధకి మందు అక్కడుంది. పదో తరగతి బోర్డు పరీక్షకి కాగితాలు కావాలి, కాబట్టి ఏడులో మొదలుపెట్టడమే మంచిది. తొమ్మిది చివర్లో పరుగెత్తేవాళ్లని చూశాను, చాలా అవస్థ.

పలమనేరు_పద్మ
అందరూ స్పెషల్ స్కూలు అంటే శిక్ష అన్నట్టు మాట్లాడుతున్నారు. మావాడికి వినపడదు. మామూలు బళ్లో ఐదేళ్లు చదివాడు, చెవి మిషను పెట్టుకున్నా పెదాలు చూసే అర్థం చేసుకుంటాడు. హైస్కూల్లో సార్లు బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్తారు. ఆ చెప్పిందంతా వాడికి లేనట్టే. ఎన్నిసార్లు చెప్పినా అలవాటు మారదు, పాపం వాళ్లకీ కావాలని కాదు. తిరుపతిలో టీటీడీ వాళ్ల బధిర పాఠశాలలో చేర్చాక సైగల భాష వచ్చింది, మొదటిసారి వాడికి కడుపునిండా మాట్లాడుకునే స్నేహితులు దొరికారు. ఇంటికొస్తే చెల్లెలికి కూడా నేర్పుతున్నాడు. మాకు అదే మంచిదైంది.

భవిత_అక్క
పద్మగారి మాట నేను ఒప్పుకుంటా, వినపడని పిల్లలకి తమ భాష మాట్లాడేవాళ్ల మధ్య ఉండటం చాలా ముఖ్యం. కానీ వాణిగారి అబ్బాయి సంగతి వేరు. నోటితో పాఠం మొత్తం చెప్పే పిల్లాడికి ప్రత్యేక పాఠశాల అవసరం లేదు, ఉన్న బళ్లోనే పద్ధతి మారాలి.

తిరుచానూరు_లక్ష్మి
ఇవన్నీ చదివాక సర్టిఫికెట్ విషయంలో కొంచెం మెత్తబడ్డా గానీ, గొడవ విషయంలో నా మాట మీదే ఉన్నా. ట్యూషన్ మాటేంటి, ఎవరూ జవాబివ్వలేదు?

ప్రైవేట్_టీచరమ్మ
ట్యూషన్‌లో చేయించేది స్కూల్లో చేసిందే మళ్లీ ఎక్కువగా. పొద్దున రాయలేనిది సాయంత్రం పదిసార్లు రాయమంటారు. ఈ పిల్లలకి కావాల్సింది అక్షరాన్ని, శబ్దాన్ని విడగొట్టి వేరే పద్ధతిలో నేర్పేవాళ్లు. పెట్టే డబ్బు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర వారానికి రెండు గంటలకి పెడితే మేలు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటపడొద్దు. ఈ మధ్య ‘థెరపీ’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

పుత్తూరు_పంతులు
ఇంట్లో చేసుకోగలిగింది ఒకటి. మన ప్రభుత్వ పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా ఉంటాయి. సైన్సు, సోషల్‌కి అవి సంపాదించండి. తెలుగు పేజీ మీరు చదివి వినిపించండి, తర్వాత ఎదురు పేజీలో అవే మాటలు వెతకమనండి. పాఠంలో ఉండే క్యూఆర్ కోడ్ దీక్షా యాప్‌లో స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి. వినే చెవి బాగున్న పిల్లాడికి చెవి ద్వారానే పాఠం ఇద్దాం, కంటి మీద పని మెల్లగా పెంచుకుందాం. మా బళ్లో ఒకమ్మాయికి ఇలా చేశాం, చదవడం ఇప్పటికీ నెమ్మదే, కానీ జవాబు తెలుసు అన్న ధైర్యం వచ్చింది, చెయ్యెత్తుతుంది.

బైపాస్_బాబు
వాణక్కా, ఎక్కడున్నారు? ఇంతమంది ఇన్ని చెప్పారు, ఏమైంది?

కొర్లగుంట_వాణి
అన్నీ చదువుతూనే ఉన్నా, కొన్ని మా ఆయనకి కూడా చదివి వినిపించా. రైలన్న రాసింది చదివాక ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ‘నాకూ అదే ఉందేమో’ అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట మొదటిసారి వినడం.

వకీలుగారు చెప్పినట్టు లెటర్ రాశాం. గొడవ మాటలు ఏవీ పెట్టలేదు లక్ష్మిగారూ, మీరన్న భయం నాకూ ఉంది. నాలుగే అడిగాం. అందరి ముందూ చదివించొద్దు, నోట్సు జిరాక్స్ ఇవ్వండి, సైన్సు సోషల్‌లో స్పెల్లింగుకి మార్కులు తీయొద్దు, ఆరుగురు టీచర్లలో ఎవరో ఒకరు వీడి సంగతి మొత్తం చూసేలా పేరు చెప్పండి. చివరిది పంతులుగారి పోస్టు చదివి చేర్చా. ప్రిన్సిపాల్ ఉంచి వెళ్లమన్నారు, స్టాంపు వేయనన్నారు.

వకీలు_చంద్రగిరి
లెటర్ చాలా బాగుంది. స్టాంపు వేయకపోతే అదే కాపీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. పదిహేను రోజులు చూడండి. జవాబు రాకపోతే ఎంఈఓకి (మండల విద్యాధికారి), డీఈఓకి (జిల్లా విద్యాధికారి) కాపీలు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇవ్వండి, నంబరు ఇస్తారు. దివ్యాంగుల కమిషనర్ దాకా పోవచ్చు గానీ అంత అవసరం రాదనుకుంటా.

ప్రైవేట్_టీచరమ్మ
ఆ నాలుగూ ఏ స్కూలైనా రేపటి నుంచే చేయొచ్చు. తెలుగు టీచర్ని విడిగా కలిసి మాట్లాడండి వాణిగారూ, లెటర్ చేతిలో పెట్టి కాదు, పిల్లాడితో ఒక పాఠం నోటితో చెప్పించి. మాలో చాలామందికి ఎవరైనా చూపిస్తే అర్థమవుతుంది.

నీవా_ఒడ్డు
అక్కా, సదరం స్లాటు మా సచివాలయంలో వెంటనే దొరకలేదు, కొత్త స్లాట్లు వదిలినప్పుడు చెప్పమని వెల్ఫేర్ అసిస్టెంట్‌కి నంబరు ఇచ్చి పెట్టినాం. మీరూ అట్ల చేయండి.

కొర్లగుంట_వాణి
సరే అన్నా. భవిత అక్కా, మాది ప్రైవేటు స్కూలు కదా, మీ సెంటర్‌కి తీసుకొస్తే చూస్తారా?

భవిత_అక్క
నా దగ్గరికి వచ్చిన ఏ పిల్లాడినీ వెనక్కి పంపలేదు. మీకు దగ్గర్లో ఉన్న భవిత కేంద్రం ఎక్కడో ఎంఈఓ ఆఫీసులో చెప్తారు, అక్కడి టీచరుతో నేను ఫోన్లో మాట్లాడతా. వచ్చేటప్పుడు ఆ తెలుగు పేపరు, ఈ ఏడాది రఫ్ నోట్సు ఒకటి, నాలుగో తరగతిదో ఐదో తరగతిదో పాత నోట్సు ఒకటి తీసుకురండి. ఫెయిర్ నోట్సు వద్దు, రఫ్‌దే కావాలి. కళ్ల డాక్టరు చీటీ కూడా. పిల్లాడికి ముందే చెప్పండి, ఇది పరీక్ష కాదు, మార్కులు ఉండవు అని.